శ్రీకాకుళం, విజయనగరం రైలు చరిత్ర, అరుదైన ఇంజన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఉత్తరాంధ్రలో రైలంటే ఇష్టపడేవాళ్లు చాలామందే ఉన్నారు. స్కూలు పిల్లల నుంచి రిటైరైన గార్డుల దాకా పదేపదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల లైన్లే ఇందులో ప్రధానం. దేశంలోని మిగతా వింత ఇంజన్ల ప్రస్తావన అవసరమైన చోట వస్తుంది.

రైలు పిచ్చి అంటే ఇంజన్ నంబర్లు రాసుకోవడమేనా?

కొందరికి అదే ఆనందం, అందులో తప్పేమీ లేదు. నంబరు, ఆ ఇంజన్‌ను ఉంచి బాగుచేసే షెడ్డు పేరు, తేదీ వరసగా రాసుకున్న పాత నోటుబుక్కు పాతికేళ్ల తర్వాత చరిత్రకు పనికొస్తుంది. కాకపోతే నంబరు దగ్గరే ఆగిపోకండి. ఈ ఇంజన్ ఈ లైన్లోకి ఎందుకొచ్చింది అని అడగండి. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. వింతగా కనిపించాలని ఎవరూ ఏ ఇంజన్నూ తయారు చేయలేదు. ఘాట్ ఎక్కాల్సి వచ్చింది, వంతెన ఎక్కువ బరువు మోయలేకపోయింది, డబ్బు చాలలేదు, ఫ్యాక్టరీలో నిప్పురవ్వ పడకూడదన్నారు. ఇలాంటి ఏదో ఒక ఇబ్బంది నుంచే ప్రతి వింత ఇంజనూ పుట్టింది. ఆ ఇబ్బంది ఏమిటో తెలిస్తే ఇంజన్ ఆకారం దానంతటదే అర్థమవుతుంది.

మన వైపు రైలు ఎప్పుడొచ్చింది?

బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో ప్రభుత్వం వేసిన లైను 1893 నుంచి 1896 మధ్య ముక్కలుముక్కలుగా తెరుచుకుంది. విజయనగరం, చీపురుపల్లి, ఆమదాలవలస, నౌపడా, పలాస, ఇచ్ఛాపురం ఆ లైను మీదివే. అంతకుముందు సరుకు కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడలెక్కేది. రైలు వచ్చాక ఆ రేవుల సందడి క్రమంగా తగ్గిపోయింది.

వాల్తేరు (ఇప్పటి విశాఖపట్నం స్టేషన్) నుంచి ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. మన పెద్దలు 'బి.ఎన్.ఆర్.' అనేది ఈ కంపెనీనే. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908-09లో, బొబ్బిలి నుంచి సాలూరుకు 1913లో లైను పడింది. పార్వతీపురం నుంచి కొండలు దాటుకుని రాయపూర్ చేరడానికి 1931 దాకా పట్టింది. ఆ లైను మధ్య పరగణాల సరుకును సముద్రానికి చేర్చింది. అది పూర్తయిన రెండేళ్లకే, 1933లో, విశాఖపట్నం హార్బరు తెరుచుకుంది. ఈ రెంటినీ కలిపి చూస్తేనే విజయనగరం ఎందుకు జంక్షన్ అయిందో తెలుస్తుంది.

1944 అక్టోబరు 1న బి.ఎన్.ఆర్. ప్రభుత్వపరమైంది. 1952లో ఈస్టర్న్ రైల్వేలో కలిసి, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వేగా విడిపోయింది. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడింది. ఈ తేదీలు గుర్తుంచుకోండి, పాత ఫోటోల దగ్గర మళ్లీ అవసరమవుతాయి.

శ్రీకాకుళం పట్నంలో స్టేషన్ ఎందుకు లేదు?

మెయిన్ లైను పట్నాన్ని తాకకుండా ఆమదాలవలస మీదుగా పోయింది. అందుకే అక్కడి స్టేషన్‌కు శ్రీకాకుళం రోడ్ అని పేరు. పాత టైంటేబుళ్లలో దీన్నే చికాకోల్ రోడ్ అని రాసేవారు.

నౌపడా చిన్న రైలు గురించి చెప్పండి.

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మా వైపు ఏ పెళ్లిలోనైనా నలుగురు పెద్దలు కూర్చుని రైళ్ల మాట ఎత్తితే చివరికి నౌపడా చిన్న రైలు దగ్గరికే వస్తారు.

పర్లాకిమిడి రాజావారికి తమ ఊరికి రైలు కావాలనిపించింది. మెయిన్ లైను దూరంగా నౌపడా మీద పోతోంది. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా సుమారు 40 కిలోమీటర్లు. సంస్థానం డబ్బుతో, దాదాపు 7 లక్షల రూపాయల ఖర్చుతో, రెండున్నర అడుగుల నేరోగేజ్ లైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే మొదలైంది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా వెళ్లి, మహేంద్రతనయ అవతలి ఒడ్డున ఉన్న పర్లాకిమిడి చేరేది.

మొదటి పదేళ్లూ నష్టాలే. 1910 తర్వాత కొద్దికొద్దిగా లాభం కనిపించింది. 1920ల నడిమికి రాబడి బాగా పెరగడంతో లైనును ముందుకు పొడిగించారు. 1929లో ఒక విడత, 1931లో మరో విడత పని పూర్తిచేసి వంశధార పక్కనున్న గుణుపూర్ దాకా తీసుకెళ్లారు. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. దాంతో ఒకే రాజావారి లైను రెండు రాష్ట్రాల లైను అయింది. ఎక్కడం తెలుగు ఊళ్లో, దిగడం ఒడిశాలో. కానీ రైల్లో మాటలు మాత్రం రెండు భాషల్లోనూ దారి పొడవునా సాగేవి.

ఈ లైను నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం దాని వేగం కాదు, అందం కూడా కాదు. ఒక సంస్థానం తన అవసరాన్ని తనే లెక్కగట్టుకుని, తన తాహతుకు సరిపడే రైలు వేసుకుంది. పదేళ్లు నష్టం భరించి కూడా వదిలేయలేదు. మన ప్రాంత చరిత్రలో రాజుల యుద్ధాల గురించి చెప్పినంతగా ఈ సంగతి చెప్పరు. చెప్పాలి.

2004 జూన్‌లో గేజి మార్పు కోసం చిన్న రైలును ఆపేశారు. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ రైళ్లు మొదలయ్యాయి.

అంత చిన్న గేజి ఎందుకు వేశారు? ముందే పెద్దది వేసి ఉండొచ్చు కదా?

డబ్బు. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం ఐదున్నర అడుగులు, అంటే 1,676 మిల్లీమీటర్లు. నేరోగేజ్‌కు 762 మిల్లీమీటర్లే. పట్టాలు తేలికవి సరిపోతాయి, స్లీపర్లు పొట్టివి చాలు, వంతెనలు చిన్నవి కట్టుకోవచ్చు. గుట్ట అడ్డొస్తే తవ్వకుండా పక్క నుంచి మలుపు తిప్పుకోవచ్చు. రద్దీ తక్కువగా ఉండే లైనుకు ఇది మంచి లెక్కే. కాల్కా–సిమ్లా రైలుది కూడా ఇదే గేజి. సాత్పురా అడవుల్లో బి.ఎన్.ఆర్. నడిపిన చిన్న రైళ్లదీ ఇదే.

నష్టం ఎక్కడంటే జంక్షన్ దగ్గర. చిన్న వ్యాగన్ పెద్ద పట్టా ఎక్కలేదు. ప్రతి బస్తానూ నౌపడాలో ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాలి. కూలి, ఆలస్యం, దారిలో ఒలికిపోయేది అన్నీ కలిసి సరుకు ధర మీద పడతాయి. రోడ్డు మీద లారీలు పెరిగాక దేశమంతటా చిన్న గేజి లైన్లు దెబ్బతినడానికి ఇదొక పెద్ద కారణం. 1992లో గేజిలన్నీ ఒకటిగా చేయాలన్న కార్యక్రమం మొదలయ్యాక వాటిని ఒక్కొక్కటిగా మార్చేశారు.

మార్చడం తప్పా అని అడుగుతారు. గుణుపూర్ వైపు వాళ్లు ఇప్పుడు రైలు మారకుండా దూరం వెళ్లగలుగుతున్నారు. ఆస్పత్రికి వెళ్లే మనిషికి అది చిన్న విషయం కాదు. లైను మార్చడం సరైనదే. కానీ మార్చేటప్పుడే ఒక ఇంజన్, రెండు పెట్టెలు, కొంచెం పట్టా నౌపడాలో కప్పు కింద నిలబెట్టి, పక్కన నాలుగు ముక్కలు రాసి పెట్టి ఉండాల్సింది.

చిన్న రైలు దారిలో ఇప్పుడు ఏం చూడొచ్చు?

నౌపడా జంక్షన్‌లో గుణుపూర్ రైలు ఎక్కండి, పగటిపూట వెళ్లండి. కుడిఎడమలు గమనిస్తూ కూర్చుంటే మలుపులు, ఊళ్ల నడుమ లైను పోయే తీరు తెలుస్తాయి. పాతపట్నం దాటాక నది, అవతల పర్లాకిమిడి వస్తాయి. ఆ ఊళ్లో గజపతుల కోట చూసి తిరిగి రావచ్చు. పాత నేరోగేజ్ కాలం ఆనవాళ్ల గురించి ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లను అడిగితే వాళ్లే చెబుతారు.

సాలూరు రైలు బస్సు అంటే ఏమిటి?

బొబ్బిలి నుంచి రామభద్రపురం మీదుగా సాలూరుకు సుమారు 18 కిలోమీటర్ల శాఖ ఉంది. అక్కడ పూర్తి రైలు నడపడానికి సరిపడా జనం ఉండేవాళ్లు కాదు. అందుకని ఇంజన్, పెట్టె ఒకే ముక్కగా ఉండే రైలు బస్సును పెట్టారు. అది చాలా ఏళ్లు తిరిగింది. లోపల డీజిల్ ఇంజన్, బస్సులోలాగే సీట్లు, రెండు చివర్లా డ్రైవరు కూర్చునే చోటు ఉండేవి. సాలూరులో ఇంజన్ను తిప్పే పని లేదు. డ్రైవరు లేచి అటు చివరికి వెళ్తే చాలు.

దీన్ని చూడటానికి దూరం నుంచి వచ్చినవాళ్లుండేవారు. మనకేమో అది 'రైలు బస్సే కదా' అన్నట్టు ఉండేది. రోజూ కనిపించేదాన్ని ఎవరూ ఫోటో తీయరు. మీ ఇంట్లో రైలు బస్సు ముందు నిలబడి తీసుకున్న ఫోటో ఒక్కటున్నా స్కాన్ చేసి, వెనకాల సంవత్సరం రాసి దాచండి.

గ్యారట్ ఇంజన్ అని అందరూ అంత గొప్పగా చెబుతారు. అదేంటి?

ఒక పెద్ద బాయిలరు, దానికి ముందొక ఇంజన్, వెనకొక ఇంజన్. ఇద్దరు బోయీలు మోసే పల్లకీలాగా బాయిలరు మధ్యలో వేలాడుతుంది. ముందు భాగంలో నీళ్ల ట్యాంకు, వెనక భాగంలో బొగ్గు, నీళ్లు ఉంటాయి. కింద చక్రాల బరువంతా చాలా ఇరుసుల మీద పరుచుకుంటుంది కాబట్టి ఏ ఒక్క చోటా పట్టా మీద, వంతెన మీద భారం మితిమీరదు. రెండు ఇంజన్లూ విడివిడిగా తిరుగుతాయి కనుక మలుపుల్లో ఇబ్బంది పడదు. బాయిలరు కింద చక్రాలేమీ అడ్డులేవు, అందుకే దాన్ని ఎంత లావుగానైనా కట్టుకోవచ్చు. రెండు ఇంజన్ల పని ఒకే డ్రైవరు, ఫైర్‌మ్యాన్ల జట్టుతో అయిపోతుంది.

హెర్బర్ట్ విలియం గ్యారట్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1907లో దీనికి పేటెంటు తీసుకున్నారు. మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 1909లో టాస్మేనియా కోసం మొదటిది కట్టింది. అది రెండడుగుల గేజి మీద నడిచిన బుల్లి ఇంజన్. మన దేశంలో వీటిని ఎక్కువగా నమ్ముకున్నది బి.ఎన్.ఆర్. వారే. 1925లో రెండింటితో మొదలుపెట్టి, 1929 నుంచి ఎన్ తరగతివి 16, ఎన్ఎం తరగతివి 10, 1939లో పి తరగతివి 4 తెప్పించారు. మొత్తం 32. ఎన్ తరగతి ఇంజన్ ఒక్కోటి 234 టన్నులు తూగేది. చక్రధర్‌పూర్ వైపు బొగ్గు, ఖనిజం లాగడం వీటి ప్రధానమైన పని. 815 నంబరు ఇంజన్ ఢిల్లీలోని నేషనల్ రైల్ మ్యూజియంలో ఉంది. దాని పక్కన ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

వాల్తేరు ఇంజన్ల కోసం దేశమంతటి నుంచీ అభిమానులు ఎందుకు వచ్చేవారు?

డబ్ల్యూఏజీ-6 అనే కరెంటు ఇంజన్ల కోసం. అవి మన కొత్తవలస మీదుగానే తిరిగాయి, కానీ ఈ సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు.

విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా ఉన్న కె.కె. లైను బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో పుట్టింది. జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఖనిజం పంపాలన్న ఒప్పందం దాని వెనక ఉంది. లైను అనంతగిరి కొండల్లో 58 సొరంగాలు దాటుతుంది. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అంతకన్నా ఎత్తైన స్టేషన్ లేదు. ఖనిజం నింపుకున్న బండి అక్కడి దాకా ఎక్కాలి, ఆ తర్వాత కొత్తవలస వైపు దిగాలి. ఎక్కడానికి బలం కావాలి. వేల టన్నుల బరువును 60కి 1 వాలులో దించేటప్పుడు బ్రేకు ఇంకా ముఖ్యం. చక్రాల బ్రేకు బ్లాకులను మాత్రమే నమ్ముకుంటే అవి కాలిపోతాయి. మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగం అదుపులో పెట్టే డైనమిక్ బ్రేకింగ్ అక్కడ ప్రాణాధారం.

అందుకే మెయిన్ లైనుకు కరెంటు రాకముందే, 1980-82లో, ఈ కొండ లైనుకు కరెంటు తీగలు పడ్డాయి. 1980ల చివర్లో కొత్త రకం ఇంజన్లను పరీక్షించి చూడటానికి రైల్వే మూడు రకాలు దిగుమతి చేసుకుంది. డబ్ల్యూఏజీ-6ఏ స్వీడన్‌లోని ఏసియా (ASEA) కంపెనీది. 6బి, 6సి జపాన్ హిటాచీవి. ఒక్కో రకంలో ఆరు, మొత్తం 18. అన్నీ వాల్తేరు షెడ్డువే. అప్పట్లో గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-5 బలం 3,900 హార్స్‌పవర్‌కు అటుఇటుగా ఉంటే, ఇవి 6,000 స్థాయివి. థైరిస్టర్లతో కరెంటును మెట్లు మెట్లుగా కాకుండా సాఫీగా పెంచుకునే వీలుండేది. 6ఏ, 6బి లకు ఆరు ఇరుసులను రెండు బోగీల్లో (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, చక్రాలను పట్టి ఉంచే చట్రం) మూడేసి కాకుండా, మూడు బోగీల్లో రెండేసిగా అమర్చారు. ఘాట్ మలుపుల్లో చక్రం పట్టాను ఒరుసుకోకుండా ఉండటానికి అది పనికొస్తుంది. పక్క నుంచి చూస్తే, మామూలు ఇంజన్లో ఖాళీగా ఉండే మధ్య భాగంలో దీనికి ఇంకో బోగీ కనిపిస్తుంది. గుర్తు పట్టడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు.

పద్దెనిమిదే ఉండటం వాటి ఆకర్షణ, వాటి కష్టం కూడా. అంత తక్కువ సంఖ్యకు విదేశీ విడిభాగాలు తెప్పించుకుంటూ నడపడం ఏ షెడ్డుకైనా భారమే. 1990ల్లో త్రీఫేజ్ డబ్ల్యూఏజీ-9 వచ్చాక దారి అటు మళ్లింది. డబ్ల్యూఏజీ-6లు సర్వీసు నుంచి తప్పుకున్నాయి. అంత బలమైన ఇంజన్లను మన ఘాట్‌లో నిలబెట్టి నడిపించిన షెడ్డు సిబ్బంది పనితనం గురించి తెలుగులో రాసినవాళ్లు దాదాపు లేరు. వాళ్లలో చాలామంది ఇప్పుడు రిటైరై ఇక్కడే ఉన్నారు. ఎవరైనా ఆ పనికి పూనుకోవాలి.

ఇంజన్ మీద అక్షరాలను ఎలా చదవాలి?

మొదటి అక్షరం గేజి. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, వై అంటే మీటర్ గేజ్, జెడ్ అంటే రెండున్నర అడుగులు, ఎన్ అంటే రెండడుగులు. రెండోది దేనితో నడుస్తుందో చెబుతుంది. డి డీజిల్, ఏ ఏసీ కరెంటు, సి డీసీ కరెంటు. ఆవిరి ఇంజన్లకు ఈ అక్షరం ఉండదు. మూడోది పని. పి ప్యాసింజరు, జి గూడ్సు, ఎం రెండూ. చివరి అంకె నమూనా. కొత్త డీజిల్ ఇంజన్లలో ఆ అంకె బలాన్ని కూడా సూచిస్తుంది, డబ్ల్యూడీఎం-3ఏ అంటే 3,100 హార్స్‌పవర్.

నౌపడా లైన్లో చివరి కాలంలో నడిచిన జెడ్‌డీఎం-5ను ఇప్పుడు మీరే చదవగలరు.

4-6-2 లాంటి అంకెలు?

ముందు చిన్న చక్రాలు, మధ్యలో లాగే చక్రాలు, వెనక చిన్న చక్రాలు. రెండు వైపులా కలిపి లెక్క. మెయిల్ రైళ్లు లాగిన, ముందు బుల్లెట్ ముక్కు ఉండే డబ్ల్యూపీ ఇంజన్ 4-6-2. గూడ్సు డబ్ల్యూజీ 2-8-2.

దేశంలో మిగతా వింత ఇంజన్లు ఎక్కడ చూడొచ్చు?

ఒక్కచోటికే వెళ్లగలిగితే ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియంకు వెళ్లండి. అక్కడ పటియాలా మోనోరైలు ఉంది. 1907లో మొదలైన ఆ రైలుకు ఒకటే పట్టా. బరువంతా దాని మీద, పక్కన రోడ్డు మీద తిరిగే ఒక చక్రం అది పడిపోకుండా కాస్తుంది. 1927లో మూతపడ్డ ఆ లైను ఇంజన్ను మళ్లీ ఆవిరితో నడిచేలా బాగుచేశారు.

అక్కడే సింద్రీ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసిన నిప్పులేని ఇంజన్ ఉంది. దానికి పొయ్యి ఉండదు. ఫ్యాక్టరీ బాయిలరు నుంచి వేడి నీళ్లు, ఆవిరి ఒత్తిడితో నింపుకుని, అది అయిపోయేదాకా తిరుగుతుంది. మళ్లీ వచ్చి నింపుకుంటుంది. నిప్పురవ్వకు తావే లేదు. ఎరువులు, మందుగుండు, జనపనార ఉండే చోట ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఆ కాలంలో లేదు.

బొంబాయి ఘాట్ల కోసం 1928 నుంచి వచ్చిన డబ్ల్యూసీజీ-1 కూడా చూడాల్సిందే. మూడు ముక్కల ఒళ్లు, మలుపులో వంగుతుంది. చక్రాల పక్కన కడ్డీలు ఆడే తీరు చూసి అక్కడివాళ్లు దాన్ని ఎండ్రకాయ అని పిలిచారు. ఇక నీలగిరి రైలును మ్యూజియంలో కాకుండా మెట్టుపాళయం నుంచి ఎక్కి చూడాలి. 12 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే వాలులో, పట్టాల మధ్య పళ్ల కడ్డీని పట్టుకుని ఇంజన్ వెనక నుంచి నెడుతుంది. మైసూరు, చెన్నై మ్యూజియంలు, నేరోగేజ్ కోసమే పెట్టిన నాగపూర్ మ్యూజియం కూడా మనకు అందుబాటులో ఉన్నవే.

మా ఊళ్లో కంచెకు పాతిన పాత పట్టా మీద ఏవో అక్షరాలున్నాయి. అవి ఏమిటి?

మీకు పెన్నిధి దొరికినట్టే. పట్టాకు పైన తల, కింద పాదం, మధ్యలో సన్నటి నడుము ఉంటాయి. ఆ నడుము మీద తయారీ సమయంలోనే ఉబ్బెత్తు అక్షరాలు వేస్తారు. కంపెనీ పేరు, సంవత్సరం, గజానికి ఎన్ని పౌండ్లో తెలిపే అంకె, కొన్నిటి మీద కొనుక్కున్న రైల్వే పేరు పొడి అక్షరాల్లో ఉంటాయి. పాత పట్టాలను స్టేషన్ కంచెలకు, దీపస్తంభాలకు, గోదాముల దూలాలకు వాడటం అంతటా ఉన్నదే. అందుకే స్టేషన్లో అసలు లైను కంటే కంచె పాతది కావచ్చు.

చదివే పద్ధతి చెబుతాను. తుప్పును గీకవద్దు, అక్షరం పోతుంది. కొబ్బరి పీచుతో మెల్లగా దుమ్ము దులపండి. అక్షరాల మీద సుద్దముక్కను పడుకోబెట్టి అడ్డంగా రుద్దండి. ఉబ్బెత్తు భాగమే తెల్లబడి పేరు తేలుతుంది. లేదా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ చూడండి, నీడలో అక్షరాలు లేస్తాయి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసుకుంటే సైజు కూడా తెలుస్తుంది. తేలిక పట్టా అయితే నేరోగేజ్ నుంచి వచ్చిందేమో చూడొచ్చు. పట్టా నడుస్తున్న లైను పక్కన ఉంటే మాత్రం ముట్టుకోవద్దు.

డ్రైవరు చేతికి వెదురు చక్రం లాంటిది అందించేవారు. దాంట్లో ఏముంటుంది?

దాని సంచిలో ఇనుప బంతి ఉంటుంది, బాల్ టోకెన్. ఒకే లైను మీద రెండు వైపుల నుంచీ రైళ్లు ఎదురుపడకూడదు. రెండు స్టేషన్లలో ఒకదానికొకటి తీగతో ముడిపడ్డ యంత్రాలుంటాయి. అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతలి యంత్రంలోంచి ఒక బంతి బయటికొస్తుంది. అది బయటున్నంతసేపు రెండోది రాదు. డ్రైవరు దగ్గర బంతి ఉంటే ఆ లైను తనది. ఆగకుండా పోయే రైలుకు వంకర కర్ర రింగుతో అందించేవారు, అది అందుకోవడానికి ఫైర్‌మ్యాన్ చెయ్యి చాచేవాడు. ఆ దెబ్బ మోచేతికి ఎలా తగిలేదో పాతవాళ్లు చొక్కా పైకి మడిచి మరీ చూపిస్తారు.

రిటైరైన రైల్వే పెద్దలను ఏం అడగాలి?

పెద్ద ప్రశ్నలొద్దు. "తాతగారూ, మీ అనుభవాలు చెప్పండి" అంటే ఏం చెబుతారు? "మొదటి రోజు డ్యూటీకి ఏ రైలు ఎక్కారు? టిఫిన్ క్యారియర్లో ఏం తీసుకెళ్లేవారు? వానాకాలంలో ఏ ఘాట్ దగ్గర చక్రం జారేది? ఇసక ఎవరు వేసేవారు?" అని అడగండి. చేతులు చేసిన పని గుర్తుంటే మాట దానంతటదే వస్తుంది. డ్రైవర్లనే కాదు, ఫైర్‌మ్యాన్లను, ఖలాసీలను, కీమన్లను, గేట్‌మన్లను కూడా కలవండి. ఇంట్లో ఆడవాళ్లను మరీ ముఖ్యంగా అడగండి. రైల్వే క్వార్టర్స్ జీవితం, డ్యూటీకి పిలవడానికి రాత్రి కాల్‌బాయ్ తలుపు తట్టడం, బొగ్గు మసి బట్టలు ఉతకడం వాళ్లకే తెలుసు. ఫోన్లో రికార్డు చేసేముందు అనుమతి తీసుకోండి.

సంఘాల సంగతి కూడా అడగండి. రాష్ట్రపతి కాకముందు వి.వి.గిరి బి.ఎన్.ఆర్. కార్మిక సంఘానికి నాయకులు. 1937లో బొబ్బిలి నియోజకవర్గంలో బొబ్బిలి రాజావారినే ఓడించారు. 1952లో లోక్‌సభకు వెళ్లింది పాతపట్నం నుంచి, అంటే చిన్న రైలు ఆగే ఊరి నుంచే.

ఇంట్లో పాత రైలు ఫోటో దొరికింది. ఏ కాలానిదో ఎలా చెప్పాలి?

ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరు మీద, పెట్టెల మీద అక్షరాలు చూడండి. బి.ఎన్.ఆర్. ఉంటే అది చాలావరకు 1952 లోపుది. సౌత్ ఈస్టర్న్ పొడి అక్షరాలుంటే 1955 తర్వాతది. బుల్లెట్ ముక్కు డబ్ల్యూపీ కనిపిస్తే 1947కు ముందుది కాదు, ఎందుకంటే మొదటివి అమెరికా నుంచి ఆ ఏడాదే వచ్చాయి. బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి రైళ్లు దేశంలో 1995తో ముగిశాయి. ఫోటో వెనక పెన్సిల్ రాత ఉంటే దాన్ని కూడా స్కాన్ చేయండి.

పాత రికార్డుల్లో మా ఊరు దొరకడం లేదు.

జిల్లా తప్పు వెతుకుతూ ఉండొచ్చు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం 1979లో. అంతకుముందు టెక్కలి, నౌపడా వైపు 1936 దాకా గంజాం జిల్లా కింద, విజయనగరం, బొబ్బిలి, సాలూరు వైపు విశాఖపట్నం జిల్లా కింద రాసేవారు. విశాఖపట్నం జిల్లాకు 1907లో గెజెటీర్ వచ్చింది, రైళ్లు, రోడ్ల వివరాలు అందులో దొరుకుతాయి. విశాఖపట్నం స్టేషన్‌ను 1980ల దాకా వాల్తేరుగానే రాసేవారన్నది గుర్తుంచుకోండి.

ఇత్తడి ప్లేట్లు, పాత లాంతర్లు అమ్ముతున్నారు. కొనొచ్చా?

వేలంలో కొన్న రసీదు ఉంటే తప్ప కొనకండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. పైగా ఇంజన్ నుంచి ఊడదీసిన ప్లేటుతో ఆ ఇంజన్ చిరునామా పోతుంది. దాని మీది తయారీ నంబరు ఫోటో తీసుకుంటే చాలు.

ఫోటోలు ఎక్కడి నుంచి తీయాలి?

ప్లాట్‌ఫారం టికెట్టు కొనండి, స్టేషన్ మాస్టరుకు చెప్పండి, పసుపు గీత వెనకే ఉండండి. పట్టాల మీదికి, వంతెనల మీదికి, సొరంగాల్లోకి వెళ్లడం రైల్వే చట్టం సెక్షన్ 147 కింద నేరం. అంతకు మించి ప్రాణాపాయం. కరెంటు రైలు దగ్గరికొచ్చేదాకా చప్పుడే వినపడదు. రీల్ కోసం ట్రాక్ మీద నిలబడే పిల్లలను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. అలాంటివాళ్లు కనిపిస్తే ఊరుకోకండి, పక్కకు పిలిచి చెప్పండి.

మా అబ్బాయికి పదేళ్లు, ఇంజన్లంటే ప్రాణం. ఒక రోజులో ఏం చూపించాలి?

పొద్దున్నే విజయనగరం స్టేషన్లో ఒక గంట కూర్చోబెట్టండి. రాయగడ వైపు, పలాస వైపు లైన్లు విడిపోతాయి కాబట్టి రకరకాల బండ్లు వస్తాయి. నోటుబుక్కులో తరగతి, నంబరు, షెడ్డు పేరు రాయించండి. తర్వాత కొత్తవలస వెళ్లి ఖనిజం బండి కోసం ఆగండి. ముందు ఎన్ని ఇంజన్లున్నాయో, వెనక ఎన్ని వ్యాగన్లున్నాయో వాణ్నే లెక్కపెట్టనివ్వండి. కొండ మీది నుంచి దిగి వచ్చిన బండి అయితే చక్రాల దగ్గర కాలిన ఇనుము వాసన వస్తుంది. ఎందుకొచ్చిందో వాడే అడుగుతాడు. సెలవులు ఉంటే అరకు రైలు ఎక్కించి సొరంగాలు లెక్కపెట్టించండి, శిమిలిగూడ రాగానే ఎత్తు రాసిన బోర్డు చూపించండి.